గది కంటే ముందు బండి నిలిచే చోటు చూడండి: మిడ్‌రేంజ్ టూరింగ్ బైకుతో బసలు, దారులు, సర్వీసు

మిడ్‌రేంజ్ టూరింగ్ బైకు అంటే ఇక్కడ 450–700 సీసీ ఇంజనుతో, ట్యాంకు నిండాక సుమారు 195–220 కిలోలు తూగే బండి. రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 450, హోండా ఎన్‌ఎక్స్500, సుజుకీ వీ-స్ట్రామ్ 650, కవాసాకి వెర్సిస్ 650 లాంటివన్నమాట. వారమంతా ఆఫీసుకూ అదే, సెలవులొస్తే దూరాలకూ అదే. నాలుగైదు రోజుల ప్రయాణం సాఫీగా సాగడంలో ఇంజను బలం పాత్ర అందరూ అనుకునేంత లేదు. రాత్రి ఎక్కడ ఆగారు, పెట్రోలు ఎక్కడ పోయించారు, బయల్దేరే ముందు సర్వీసు ఎప్పుడు చేయించారు అన్నవే ఎక్కువ తేల్చేస్తాయి.

ముందు బస సంగతి. గది ఫొటోలు పది పెడతారు, పార్కింగు ఫొటో ఒక్కటీ ఉండదు. ఫోన్ చేసి అడగాల్సిందే. బండి గేటు లోపల ఉంటుందా, రోడ్డు మీదా? చివరి అర కిలోమీటరు దారి సిమెంటా, మట్టా, ఏటవాలా? గేటు పొద్దున ఎన్నింటికి తీస్తారు? ఈ మూడో ప్రశ్న చాలామందికి తట్టదు. ఎండ ముదరకముందే వంద కిలోమీటర్లు దాటాలనుకున్న రోజున కాపలా మనిషిని వెతుక్కుంటూ గంట పోతుంది.

పార్కింగు నేలను కళ్లారా చూసి గానీ సామాను దించకండి. ఏటవాలు చోట గోడ వైపు ముక్కు దించి పెట్టారంటే పొద్దున ఆ బరువును వెనక్కి ఎగువకు నెట్టాలి. ఈ తరగతి బండ్లకు రివర్సు గేరు ఉండదు, సామానుతో ఒంటరిగా నెట్టడం దాదాపు కుదరని పని. ముందు చక్రం ఎగువ వైపు ఉంచి, మొదటి గేరులో వేసి దిగాలి. పక్క వాలును కూడా గమనించాలి. సైడ్ స్టాండు ఉన్న వైపు నేల ఎత్తుగా ఉంటే బండి మరీ నిటారుగా నిలుస్తుంది, చిన్న తోపుకే అవతలి పక్కకు పడిపోతుంది. మెత్తటి మట్టిలోనూ, మధ్యాహ్నపు ఎండకు కరిగిన తారు మీదా స్టాండు దిగబడుతుంది. అరచేయంత ప్లాస్టిక్ పలక ఒకటి ట్యాంక్ బ్యాగులో (పెట్రోలు ట్యాంకు మీద కట్టుకునే సంచిలో) ఉంటే చాలు. సెల్లార్ పార్కింగులో ర్యాంపుకు నున్నటి టైల్స్ వేసి ఉంటే, తడిసిన టైర్లతో దిగేటప్పుడు ముందు బ్రేకు గట్టిగా పట్టకూడదు.

బసల రకాల్లో నా ఓటు హైవేకి ఒకటి రెండు కిలోమీటర్ల లోపల ఉన్న మామూలు లాడ్జికి. నేల చదునుగా ఉంటుంది, వెలుతురు ఉంటుంది, బకెట్టు నీళ్లు అడిగితే ఇస్తారు, చైనుకు లూబ్ (కందెన) కొట్టుకుంటుంటే ఎవరూ విసుక్కోరు. హోమ్‌స్టేలో ఆదరణ బాగుంటుంది గానీ దారి చివర ఇరుకుగా, గతుకులుగా ఉండటం ఎక్కువ. చీకటి పడ్డాక మొదటిసారి వెళ్లే చోటు అది కాకూడదు. రిసార్టుల్లో పార్కింగు విశాలమే, కాకపోతే గది ఒక మూల, బండి ఒక మూల. పానియర్ పెట్టెలు (బండికి రెండు పక్కలా తగిలించే సామాను పెట్టెలు) మోసుకుంటూ పోవాలి. అందుకే పెట్టెల లోపల మెత్తటి లోసంచులు ఉండాలి. సంచి లాగి తీసుకుపోతే సరి, పెట్టె బండికే ఉంటుంది. డేరాల క్యాంపుల్లో నేల మెత్తన, రాత్రి మంచు, పొద్దున తడిసిన గడ్డి మీద బయటికి తీయడం. రోడ్డు టైర్లున్న వెర్సిస్ లాంటి బండికి అది అనవసరపు శ్రమ.

బసకు చేరగానే ఒక పావుగంట బండికి ఇవ్వాలి. చైను వేడిగా ఉన్నప్పుడే లూబ్ లింకుల మధ్యకు బాగా దిగుతుంది. రాత్రంతా ఆరితే పొద్దున రిమ్ము మీద చిమ్మదు. మామూలు రోడ్డు మీద 500–800 కిలోమీటర్లకు ఒకసారి, వానలో నడిపితే ఆ సాయంత్రమే. చక్రాన్ని చేత్తోనే తిప్పాలి. ఇంజను ఆన్ చేసి గేరులో వేసి చైను తుడిస్తే వేళ్లు పోతాయి, ఇందులో రెండో మాట లేదు. బిగువు చూసేటప్పుడు చక్రం తిప్పుతూ మూడు నాలుగు చోట్ల కొలవండి, అన్నిటికన్నా బిగువుగా ఉన్న చోటే లెక్క. చాలా బండ్లకు ఆ వదులు, అంటే చైను పైకీ కిందికీ ఆడే మేర, 25–40 మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది, మీ బండి అంకె మాన్యువల్‌లో ఉంటుంది. వెనక మనిషి, సామాను ఎక్కితే స్వింగార్మ్ (వెనక చక్రాన్ని పట్టి ఉంచే చెయ్యి) కదిలి చైను ఇంకా బిగుస్తుంది. కాబట్టి కాస్త వదులు వల్ల వచ్చే నష్టం కంటే మరీ బిగువు వల్ల వచ్చేది పెద్దది. గేరుబాక్సు బేరింగు మీద భారం పడుతుంది.

దారుల్లో తేడాలు కూడా బండి మీద వేరువేరుగా పడతాయి. నాలుగు వరుసల హైవే మీద శత్రువు గాలి. గంటకు 90 నుంచి 120కి పెంచితే గాలి నిరోధం దాదాపు 1.8 రెట్లవుతుంది, పెట్టెలు తగిలిస్తే ఇంకా ఎక్కువ. లీటరుకు 25 ఇచ్చే బండి 19–20కి పడిపోవడం అందుకే. ఎన్‌ఎక్స్500, హిమాలయన్ 450ల ట్యాంకులు సుమారు 17 లీటర్లు, వీ-స్ట్రామ్ 650కి 20, వెర్సిస్‌కు 21. కాగితం మీద 350–450 కిలోమీటర్లు కనబడ్డా, హైవే వదిలి కొండల వైపు తిరిగే ముందు సగం ట్యాంకు ఉన్నా నింపేయడం మంచి అలవాటు. రద్దీ ఉన్న బంకే మేలు, అక్కడ పెట్రోలు నిల్వ ఉండిపోదు. బంకు ట్యాంకులోకి టాంకర్ దింపుతున్నప్పుడు అడుగు మడ్డి, నీరు కదులుతాయి, ముందుకు పోయి మరో బంకు చూసుకోండి. మూత అంచు దాకా పోయించవద్దు. పొంగిన పెట్రోలు ఆవిరిని పట్టే క్యానిస్టర్‌లోకి చేరితే వేడిలో స్టార్టింగు మొరాయిస్తుంది.

ఘాట్ దిగేటప్పుడు బరువున్న బండిని బ్రేకుల మీద వదిలేస్తే వాటిలోని ఫ్లూయిడ్ (లివరు నొక్కుడును చక్రానికి చేర్చే ద్రవం) మరుగుతుంది. డాట్ 4 అనే రకం ఫ్లూయిడ్ కొత్తదైతే మరగకుండా కనీసం 230 డిగ్రీల దాకా తట్టుకోవాలి. తేమ పీల్చాక ప్రమాణం ప్రకారం ఆ కనీస హద్దు 155కి పడిపోతుంది. రెండేళ్లకోసారి మార్చమనడం ఊరికే కాదు. రెండో మూడో గేరులో ఇంజను చేత పట్టించి దిగండి, బ్రేకు లివరు మెత్తగా లోపలికి పోతున్నట్టు అనిపిస్తే ఆపి చల్లారనివ్వండి. సముద్రం పక్కన రెండు రోజులు తిరిగితే ఉప్పు పొర చైను, ఫోర్కు, బోల్టు తలల మీద చేరుతుంది. సాయంత్రం మంచినీళ్లతో కడిగి ఆరాక లూబ్ వేయాలి. ప్రెషర్ గన్‌ను మాత్రం చక్రాల బేరింగుల మీద, చైను మీద దగ్గరగా పట్టనివ్వకండి.

టైరు గాలి పొద్దున చల్లగా ఉన్నప్పుడే చూడాలి. బంకుల్లో మీటర్లు ఒకదానికొకటి పొసగవు, సొంత గేజి ఉండాలి. పది డిగ్రీల తేడాకు పీడనం సుమారు ఒకటిన్నర పీఎస్ఐ మారుతుంది. మధ్యాహ్నం వేడెక్కాక ఎక్కువ కనబడిందని గాలి తీసేస్తే మర్నాడు పొద్దున తక్కువతో నడుపుతున్నట్టే. పంక్చరైతే ట్యూబ్‌లెస్ చక్రానికి మేకు దిగిన కోణం గుర్తుపెట్టుకుని అదే కోణంలో రాపిడి పుల్ల తిప్పి, జిగురు రాసిన ప్లగ్ దూర్చి, కొసలు సెంటీమీటరు బయట ఉండేలా లాగి కోయాలి. టైరు పక్క గోడకు పంక్చరైతే ప్లగ్ వేయకూడదు. చిన్న 12 వోల్టుల కంప్రెసరు 10 ఆంపియర్ల పైన లాగగలదు. హ్యాండిల్ దగ్గరి సాకెట్‌లో పెడితే ఫ్యూజు పోతుంది. బ్యాటరీ నుంచి 15 ఆంపియర్ల ఫ్యూజుతో విడి వైరు వేయించుకోండి. ట్యూబు, ఊచల చక్రాలున్న బండికి టైరు విప్పే లివర్లు, స్పేర్ ట్యూబు కావాలి, పైగా వాటితో పని చేసిన అలవాటు కావాలి.

ఇద్దరు కూర్చుని సామాను ఎక్కించాక వెనక షాకు ప్రీలోడ్ (స్ప్రింగును ముందే నొక్కి ఉంచే మేర) పెంచకుండా బయల్దేరేవాళ్లు చాలామంది. హెడ్‌లైటు పైకి కొట్టి ఎదుటివాళ్లు డిప్ చేయమని సైగ చేస్తుంటే, మలుపులో బండి బయటికి జరుగుతుంటే కారణం అదే. మొత్తం కదలికలో మూడో వంతు కుంగితే సరిపడా ఉన్నట్టు: 150 మిల్లీమీటర్లు కదిలేదానికి 50. ఒంటరిగా ఆఫీసుకు వెళ్లే రోజున తిరిగి తగ్గించాలి, లేకపోతే ప్రతి గతుకూ నడుముకే.

ఇక సర్వీసు. ప్రయాణం ముందు రోజు చేయించడం అన్నిటికన్నా చెడ్డ నిర్ణయం. సరిగా బిగించని యాక్సిల్ నట్టు, ఎక్కువ పోసిన ఆయిలు, బిగుసుకుపోయిన చైను మొదటి రెండు మూడు వందల కిలోమీటర్లలో బయటపడతాయి. అవి ఇంటి చుట్టుపక్కల బయటపడటం మేలు, రెండు వారాల ముందే ఇచ్చేయండి. బండి తెచ్చుకునేటప్పుడు నిటారుగా నిలబెట్టి ఆయిలు మట్టం, డ్రెయిన్ బోల్టు దగ్గర తడి, కాలిపర్ (బ్రేకు ప్యాడ్లను పట్టుకునే భాగం) బోల్టులు, చైను వదులు చూసుకోండి. ప్యాడ్లు విప్పి మళ్లీ బిగిస్తే మొదట బ్రేకు లివరు ఖాళీగా పోతుంది, కదిలే ముందే నాలుగైదుసార్లు నొక్కండి. వాల్వ్ క్లియరెన్సు (ఇంజను వాల్వుల దగ్గరి సందు) చూసే పని వీ-స్ట్రామ్ 650కి 24,000 కిలోమీటర్లకు, వెర్సిస్ 650కి 42,000కు వస్తుంది. వాడిన బండి కొనేవాళ్లు ఆ పని అయిందో లేదో బిల్లు చూసే నమ్మాలి.

రోజువారీ వాడకంలో ఈ బండ్లను దెబ్బతీసేది దూరం కాదు, రెండు మూడు కిలోమీటర్ల చిన్న తిరుగుడు. ఇంజను పూర్తిగా వేడెక్కక ఆయిల్లో తేమ మిగులుతుంది, బ్యాటరీ నిండదు. వారానికి ఒకసారైనా అరగంట ఆపకుండా నడపండి. నెల పాటు కదలదనుకుంటే ఛార్జరు తగిలించండి. కాసేపు ఆగిన బండిలో బ్యాటరీ 12.6 వోల్టులు చూపితే బాగున్నట్టు, 12.2 కిందికి పడితే ఛార్జింగు పెట్టాల్సిందే. పానియర్లు ఆఫీసు రోజుల్లో విప్పేయండి. వెడల్పు మీటరు దాకా పోతుంది, ట్రాఫిక్‌లో పక్క కారు అద్దం తగిలేది వాటికే.