ఆరేళ్ల వాడకం తర్వాత: పెండింగ్ కేస్ షీట్ల సాఫ్ట్‌వేర్

నేను మెడికల్ రికార్డ్స్ సెక్షన్‌లో పనిచేస్తాను. కేస్ షీట్‌లో ఏది రాయలేదో, ఎక్కడ సంతకం లేదో పట్టుకుని డాక్టరుకు మెసేజ్ పంపే సాఫ్ట్‌వేర్‌ను ఆరేళ్లుగా రోజూ వాడుతున్నాను. అంతకుముందు ఫైళ్లకు చీటీలు అంటించి, డాక్టర్లు ఎప్పుడొస్తారా అని ఎదురుచూసేవాళ్లం.

అన్నిటికన్నా పనికొచ్చింది ఫోన్‌లోనే సంతకం చేసే వీలు. రెండు ఆపరేషన్ల మధ్య దొరికిన కాసేపట్లో ఒక సర్జన్ నాలుగు కేసులు ముగించడం నేనే చూశాను. మెసేజ్‌లు మాత్రం మొదట్లో ఒక్కో లోపానికి ఒక్కోటి వెళ్లేవి, దాంతో అందరూ చూడటమే మానేశారు. ఇప్పుడు ఉదయం రౌండ్స్ అయ్యాక ఒకే లిస్టు, పాత కేసు పైన ఉండేలా పంపుతున్నాం.

పెద్ద ఇబ్బంది పేర్లతోనే. అడ్మిట్ చేసినవారు ఒకరు, డిశ్చార్జ్ చేసినవారు ఇంకొకరు అయితే కేసు మొదటివారి మీదే పడుతుంది. "ఈ పేషెంటును నేను చూడనేలేదమ్మా, నా లిస్టులో ఎందుకుంది?" అని ఒక సీనియర్ మేడమ్ అడిగితే నా దగ్గర జవాబు లేదు. రోజూ లిస్టు పంపే ముందు పేర్లు నేనే సరిచేస్తాను.

ఇక గడువు. అమెరికాలో ప్రభుత్వ ఆరోగ్య బీమా అయిన మెడికేర్ నిబంధన ప్రకారం డిశ్చార్జ్ అయిన 30 రోజుల్లో రికార్డు పూర్తి కావాలి. మా సాఫ్ట్‌వేర్‌లోనూ 30 రోజులే పెట్టి ఇచ్చారు. అది చాలా ఎక్కువ. గడువు దగ్గరపడ్డాక ఒక డాక్టరు "పేషెంటు గుర్తు రావడం లేదు, నర్సుల నోట్స్ పంపండి" అన్నారు. అవి చూసి రాసిన డిశ్చార్జ్ సమ్మరీలో రక్తం పలచబడే మందు పాత డోసే పడింది. ఇంటికి పంపేరోజు డోసు తగ్గించిన సంగతి అందులో లేదు. ఫార్మసిస్టు పట్టుకున్నారు కాబట్టి సరిపోయింది. ఆ మర్నాడే సమ్మరీకి 48 గంటలు, ఆపరేషన్ నోట్స్‌కు అదే రోజు అని గడువు మార్పించాం.

గడువు దాటితే ఆ డాక్టరు పేరు మీద కొత్త అడ్మిషన్లు ఆపేసే సదుపాయమూ ఉంది. వాడి చూశాం. ఆ వారం పెండింగ్ మొత్తం పోయింది, నెల తిరిగేసరికి మళ్లీ పేరుకుంది. పైగా తొందరలో నిన్నటి నోట్‌నే కాపీ చేసి పెట్టారు కొందరు. గడి నిండితే చాలు, సాఫ్ట్‌వేర్ పూర్తయిందనే చూపిస్తుంది. అందుకే వారానికి కొన్ని కేసులు కూర్చుని చదువుతున్నాం.

కొనాలనుకునేవాళ్లు, డిశ్చార్జ్ చేసిన డాక్టరు పేరు మీదికి కేసు దానంతటదే మారుతుందో లేదో మీ పాత కేసులతో ముందే చేయించి చూడండి.