హనుమకొండ నుంచి డెహ్రాడూన్: కొడుకును ఐఎంఏలో దింపి వచ్చిన దారి

మావాడికి ఐఎంఏ (సైన్యంలో ఆఫీసర్లకు శిక్షణ ఇచ్చే ఇండియన్ మిలిటరీ అకాడమీ) నుంచి జాయినింగ్ లెటర్ వచ్చిన రోజు నుంచి ఇంట్లో ఒకటే చర్చ, ఎట్లా పోవాలని. కాజీపేటలో తెలంగాణ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే మర్నాడు ఢిల్లీ. అక్కడి నుంచి డెహ్రాడూన్‌కు శతాబ్ది ఉంది, ఆనంద్ విహార్ నుంచి వందేభారత్ ఉంది. ఖర్చు తక్కువ, అలసట తక్కువ. నేను టికెట్లు కూడా చూసి పెట్టాను. అప్పుడు మా ఇంటామె ఒక మాట అన్నది. "ఇగ మీద వాళ్లు సెలవిస్తేనే వాడు ఇంటికొచ్చేది. రైలెక్కిస్తే ప్లాట్‌ఫాం మీద ఐదు నిమిషాల్ల అయిపోతది." ఆ మాటతో టికెట్ల సంగతి వదిలేశాం. కారులో నేను, ఆమె, మావాడు, వాడి మేనమామ. నడపడానికి ముగ్గురం ఉన్నాం కాబట్టి ధైర్యం చేశాం.

వాడు సీడీఎస్ (సైన్యంలో ఆఫీసర్ల ఎంపికకు యూపీఎస్సీ పెట్టే పరీక్ష) రాసి వచ్చాడు. ఆ తర్వాత ఎస్‌ఎస్‌బీ అని ఐదు రోజుల ఇంటర్వ్యూ ఉంటుంది. మొదటిసారి బెంగళూరు ఎస్‌ఎస్‌బీలో ఐదో రోజు దాకా నిలిచి, చివరి కాన్ఫరెన్స్ తర్వాత ఉత్త చేతులతో ఇంటికొచ్చాడు. వారం రోజులు ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు. రెండోసారి భోపాల్ పిలుపు వచ్చినప్పుడు వాళ్లమ్మ మేడారం పోయి మొక్కింది, కొడుకు ఆఫీసరైతే సమ్మక్క సారలమ్మలకు నిలువెత్తు బంగారం ఇస్తానని. మేడారంలో బంగారమంటే బెల్లం, మనిషి బరువుకు సరితూగేంత. మొక్కి వచ్చిన సాయంత్రమే వాణ్ని వీధి చివర కిరాణా షాపులో బస్తాలు తూచే కాంటా మీద నిలబెట్టింది. 68 కిలోలు. ఆ అంకె ఒక చీటీ మీద రాసి దేవుడి అల్మారాలో పసుపు డబ్బా కింద పెట్టింది. ఆసారి భోపాల్‌లో ఎంపికైనవాళ్లలో వాడి చెస్ట్ నంబర్ పిలిచారు.

కోర్సు జనవరిలో మొదలు. సంక్రాంతికి ఇంకా రెండు వారాలుండగానే ఇంట్లో సకినాలు చుట్టారు. ఆ డబ్బా, వాడి నల్ల ట్రంకు పెట్టె డిక్కీలో పెట్టి, తెల్లవారుజామున నాలుగింటికి బయల్దేరాం. భద్రకాళి గుడి ఇంకా తెరవలేదు. బయటి నుంచే దండం పెట్టుకున్నాం.

మొదటి రోజు దారి గురించి కొంచెం వివరంగా చెప్తాను, మన వైపు నుంచి పోయేవాళ్లు ఇక్కడే తికమక పడతారు. నాగపూర్‌కు రెండు దారులున్నాయి. ఒకటి కరీంనగర్, జగిత్యాల, ఆర్మూర్ మీదుగా 44వ జాతీయ రహదారి ఎక్కి నిర్మల్, ఆదిలాబాద్ దాటి పోవడం. రెండోది కరీంనగర్, పెద్దపల్లి, గోదావరిఖని, మంచిర్యాల, ఆసిఫాబాద్, చంద్రాపూర్. రెండోది దగ్గర, అందుకే పోయేటప్పుడు అటే పోయాం. హుజూరాబాద్ వైపు రోడ్డు వెడల్పు పనుల వల్ల చీకట్లో మళ్లింపులు చూసుకుంటూ పోవాల్సి వచ్చింది. గోదావరిఖని దాటి వంతెన మీదికి వచ్చేసరికి తెల్లారుతోంది. కారు వెళ్తుండగానే ఆమె అద్దం దించి రూపాయి బిళ్ల గోదారిలోకి విసిరింది. మంచిర్యాల నుంచి వాంకిడి దాకా నాలుగు వరుసల రోడ్డు హాయిగా ఉంది. మహారాష్ట్రలోకి పోయాక రాజురా, బల్లార్పూర్ దగ్గర బొగ్గు లారీలు, సిమెంటు లారీలు. అక్కడ గంటకు నలభై దాటలేదు. వచ్చేటప్పుడు ఆదిలాబాద్ దారిన వచ్చాం. దూరం ఎక్కువే, కానీ చీకటి పడ్డాక నడపాల్సి వస్తే అదే మేలు.

నాగపూర్ దగ్గర రోడ్డు పక్క సంత్రాలు కుప్పలు పోసి అమ్ముతున్నారు, రెండు డజన్లు తీసుకున్నాం. నాగపూర్ దాటాక పెంచ్ పులుల అడవి వస్తుంది. జంతువులు కింది నుంచి దాటిపోయేలా రోడ్డును చాలాచోట్ల పైకి లేపి కట్టారు. బండ్ల వెలుతురు, చప్పుడు అడవిలోకి పోకుండా రెండు పక్కలా ఎత్తైన అడ్డుగోడలు. నేను ఇంజినీర్ను కాను, కానీ అంత శ్రద్ధగా కట్టిన రోడ్డు చూస్తే మనసుకు బాగనిపించింది.

రాత్రికి సివనీ. బైపాస్ పక్క చిన్న లాడ్జిలో రెండు గదులు కలిపి 1,800. దుప్పట్లు ఉతికినవి, వేడినీళ్లు అడగకుండానే బకెట్లతో తెచ్చారు, కారు కళ్ల ముందే ఉంటుంది. రొట్టెలు, సేవ్ టమాటర్ కూర కడుపునిండా తిన్నాం. దారి మొత్తంలో డబ్బుకు తగ్గ విలువ దొరికింది ఇక్కడే.

రెండో రోజు లఖనాదౌన్, నర్సింగ్‌పూర్, సాగర్, లలిత్‌పూర్ మీదుగా ఝాన్సీ. బర్మాన్ దగ్గర నర్మద దాటాం. రోడ్డు అంతటా బాగుంది, పెద్దగా చెప్పడానికేం లేదు. ఝాన్సీకి చీకటి పడే వేళకు చేరాం కాబట్టి కోట లోపలికి పోలేదు, రూము కిటికీ నుంచి చూశాం. హోటల్ మంచిదే, అయితే కింద ఫంక్షన్ హాలు ఉండటంతో అర్ధరాత్రి దాకా బ్యాండు మోత. రూము తీసుకునే ముందు కింద ఫంక్షన్ హాలు ఉందా అని అడగండి.

మూడో రోజు మా తొందరే మాకు చేటు చేసింది. ట్రాఫిక్ తప్పించుకుందామని ఝాన్సీలో ఐదింటికే బయల్దేరాం. దతియా దాటగానే మంచు కమ్మేసింది. మన దగ్గర కురిసే మంచు లాంటిది కాదది. కారు బానెట్ చివర కూడా సరిగా కనిపించలేదు. లోపల అద్దం మీద తడి, బయట వైపర్లు ఎంత తిప్పినా అదే తెల్లదనం. మా బామ్మర్ది నడుపుతున్నాడు. లారీల చప్పుడు వినిపించాలని పక్క అద్దం దించాడు, చలి కత్తిలా లోపలికి వచ్చింది. నేను పోనిద్దాం, మెల్లగా పోనిద్దాం అంటున్నాను. వెనక సీట్లోంచి మావాడు ముందుకు వంగి, "మామా, ముంగట పెట్రోల్ బంకు లైటు కనపడుతుంది, అటు తిప్పు. బాపూ, తొమ్మిది దాకా కదలొద్దు" అన్నాడు. గొంతు పెంచలేదు. మేమిద్దరం మారు మాట లేకుండా విన్నాం. ఆ బంకులో మూడున్నర గంటలు కూర్చున్నాం, చాయ్ మీద చాయ్. ఇరవై మూడేళ్లు నేను చెప్పిందే విన్న పిల్లవాడు. ఆ పొద్దున వాడి మాట మేం వినాల్సి రావడం నాకు చిన్నతనం అనిపించలేదు, గర్వంగానే అనిపించింది.

కాబట్టి డిసెంబరు, జనవరిల్లో వెళ్లేవాళ్లకు నా మాట ఇది: ఝాన్సీ దాటాక పొద్దున తొమ్మిదికి ముందు రోడ్డెక్కకండి, సాయంత్రం ఆరుకు ముందే రూము చేరండి. దానికోసం ఒక రోజు ఎక్కువ పెట్టుకోండి. ఆగ్రా నుంచి యమునా ఎక్స్‌ప్రెస్‌వే మీద చలికాలంలో కార్ల వేగపరిమితి 100 నుంచి 75కి తగ్గిస్తారు, కెమెరాలు ఉంటాయి. ఫాస్టాగ్ వార్షిక పాస్ (మేం తీసుకున్నప్పుడు 3,000 రూపాయలు) తీసుకుంటే ఏడాదిలో జాతీయ రహదారుల టోల్‌గేట్లలో 200 సార్లు దాటొచ్చు, మాకు బాగా కలిసొచ్చింది. యమునా ఎక్స్‌ప్రెస్‌వే మీద మాత్రం అది చెల్లదు, అక్కడ విడిగా డబ్బులు పోతాయి. ఇంకొకటి, గాలి కాలుష్యం పెరిగినప్పుడు ఢిల్లీలోకి పాత డీజిల్ కార్లను రానివ్వరు. మాది బీఎస్-6 పెట్రోల్ కారు, పొల్యూషన్ సర్టిఫికెట్ కొత్తది, కాబట్టి టెన్షన్ పడలేదు.

ఢిల్లీలో బస మాత్రం నిరాశే. యాప్‌లో ఫొటోలు చూసి బుక్ చేసిన హోటల్‌కు పోతే గీజర్ పనిచేయదు, పార్కింగ్ అర కిలోమీటరు దూరం, పైగా ఆధార్ కాపీలకు కూడా డబ్బులడిగారు. ఆ రాత్రి ఎట్లాగో గడిపాం. మర్నాడు ఆంధ్రా భవన్ క్యాంటీన్‌లో పప్పు, అన్నం, నెయ్యి పడ్డాక గానీ అందరి ముఖాలూ మామూలు కాలేదు. ఇండియా గేటుకు దగ్గరే కాబట్టి అక్కడి నుంచి జాతీయ యుద్ధ స్మారకానికి పోయాం. ఢిల్లీలో ఒక్కటే చూసే సమయం ఉంటే ఇదే చూడండి. టికెట్ లేదు. గణతంత్ర దినోత్సవం రిహార్సల్స్ వల్ల జనవరిలో చుట్టుపక్కల రోడ్లు మూస్తుంటారు, కనుక్కుని వెళ్లండి.

2019 ఫిబ్రవరిలో తెరిచిన స్మారకం అది. త్యాగ చక్రంలో వలయాలుగా గోడలు, గోడల నిండా గ్రానైట్ పలకలు. ఒక్కో పలక మీద ఒక్కో పేరు, బంగారు రంగు అక్షరాల్లో. 25 వేలకు పైగా పేర్లు. మావాడు వెతుకుతున్న పేరు ఒకటే, కల్నల్ సంతోష్ బాబు. మన సూర్యాపేట బిడ్డ. కోరుకొండ సైనిక్ స్కూల్లో చదివి, ఎన్డీఏ (నేషనల్ డిఫెన్స్ అకాడమీ), ఐఎంఏ దాటి, బిహార్ రెజిమెంట్ 16వ బెటాలియన్‌కు కమాండింగ్ ఆఫీసరై, 2020 జూన్ 15న గల్వాన్‌లో ప్రాణమిచ్చాడు. మహావీర చక్ర ఇచ్చారు. అక్కడున్న జవాన్‌ను అడిగితే గోడ చూపించాడు. మా ఇంటామె ఆ అక్షరాలను వేలితో తడిమింది. "ఈయనను కూడా వాళ్లమ్మ ఇట్లనే తోలిచ్చి ఉంటది" అన్నది. మావాడు వాళ్లమ్మ చెయ్యి పట్టుకుని అట్లాగే నిలబడ్డాడు. ఆ చెయ్యి కారు దాకా వదల్లేదు.

ఆ మధ్యాహ్నమే మీరట్, ముజఫర్‌నగర్, రూర్కీ దారిలో డెహ్రాడూన్ బయల్దేరాం. కొత్త ఎక్స్‌ప్రెస్‌వే పూర్తయితే రెండున్నర గంటలే అనేవాళ్లు అప్పట్లో, మేం పాత దారిలో ఆరు గంటలు ప్రయాణించి రాత్రికి చేరాం. ఖతౌలీ దాటాక రోడ్డంతా చెరకు బండ్లే, పొలాల్లో బెల్లం కాచే పొయ్యిల పొగ.

డెహ్రాడూన్‌లో బస గురించి ఒకటి గట్టిగా చెప్తాను. రాజ్‌పూర్ రోడ్డు వైపు, మస్సూరీ దారి వైపు మంచి హోటళ్లున్నాయని అటు పోవద్దు. ఐఎంఏ చక్రాతా రోడ్డు మీద, ప్రేమ్‌నగర్ పక్కన ఉంది. రిపోర్ట్ చేసే పొద్దున ఊరు మధ్యలోంచి ట్రాఫిక్‌లో రావడమంటే లేనిపోని గుండెదడ. మేం ప్రేమ్‌నగర్‌లోనే ఒక ఇంటి మేడమీద రెండు గదులు తీసుకున్నాం, రాత్రికి 2,200. ఆ ఇంటి యజమానురాలు పెద్దావిడ. చలికి వణుకుతున్న మమ్మల్ని చూసి నిప్పుల కుంపటి తెచ్చి గుమ్మం దగ్గర పెట్టింది. మా ఆమెకు వచ్చింది వరంగల్ హిందీ, ఆవిడది గఢ్వాలీ యాస. అయినా ఇద్దరూ రాత్రి పది దాకా మాట్లాడుకున్నారు. ఎంతోమంది పిల్లల తల్లిదండ్రులు ఈ గదుల్లోనే ఉండి పోయారట. ఎవరు ఏడ్చారో, ఎవరు ఏడవలేదో ఆవిడకు గుర్తే.

ఒక రోజు ముందే చేరడం చాలా మంచిదైంది. లిస్టులో ఉన్న తెల్ల షర్టులు, నల్ల బూట్లు, తాళాలు అన్నీ ప్రేమ్‌నగర్ బజారులో దొరికాయి. నిజానికి ట్రంకు పెట్టె కూడా అక్కడే కొనుక్కోవచ్చు, ఇంటి నుంచి మోసుకురావాల్సిన పని లేదు. మధ్యాహ్నం ఎఫ్‌ఆర్‌ఐకి పోయాం, దారిలోనే. 1906లో మొదలైన అటవీ పరిశోధనా సంస్థ, ఆ ఎర్ర ఇటుకల భవనం, పొడవాటి వరండాలు చూడటానికి రెండు గంటలు చాలవు. మస్సూరీ పోదామని బామ్మర్ది అన్నాడు గానీ ఎవరికీ మనసు లేదు.

1932లో 40 మంది కేడెట్లతో మొదలైన అకాడమీ అది. ఆ మొదటి బ్యాచ్‌లోంచే మన సైన్యాధిపతి మానెక్‌షా వచ్చాడు. పాకిస్తాన్, బర్మా సైన్యాలకు అధిపతులైనవాళ్లు కూడా అదే బ్యాచ్. ఈ సంగతులన్నీ మావాడు ఎఫ్‌ఆర్‌ఐ మెట్ల మీద కూర్చుని వాళ్లమ్మకు చెప్పాడు. సీడీఎస్‌లో వచ్చినవాళ్లకు ఏడాదిన్నర శిక్షణ, నెలకు 56,100 స్టైపెండ్. ఆమె అడిగింది మాత్రం పొద్దున ఎన్నింటికి లేపుతారని.

రిపోర్టింగ్ పొద్దున గేటు ముందు కార్ల వరుస. హర్యానా, పంజాబ్, యూపీ, రాజస్థాన్ నంబర్లు. వాటి మధ్య మాది టీఎస్ 03. డ్యూటీలో ఉన్న జవాన్ నంబర్ ప్లేటు చూసి, అంత దూరం నుంచి బండిలోనే వచ్చారా అని అడిగి, కాగితాలు ఓపిగ్గా చూశాడు. తిండి సామాను లోపలికి వద్దని మావాడే సకినాల డబ్బా వాళ్లమ్మకు తిరిగిచ్చాడు. మా కాళ్లకు మొక్కాడు. హనుమకొండ చౌరస్తాలో పెయింటర్‌తో ట్రంకు మీద తెల్ల రంగుతో పేరు రాయించాను. ఆరకముందే నా చెయ్యి తగిలి చివరి అక్షరం మసకబారింది. వాడు పెట్టె ఎత్తుకుని మలుపు తిరిగేదాకా నాకు ఆ మసకబారిన అక్షరం ఒక్కటే కనిపించింది.

పోయేటప్పుడు మీటరు మీద సుమారు 1,700 కిలోమీటర్లు తిరిగింది. పెట్రోలు రానూ పోనూ 22 వేలు దాటింది. రైలుకైతే ఇందులో సగం కూడా కాదు. అయినా రెండో కొడుకు ఉండి వాడూ ఇట్లాగే పోతే, మళ్లీ కారే తీస్తాను. పెద్దవాళ్లకు నడుం నొప్పి ఉంటే, నడపడానికి ఇంకొకరు తోడు లేకపోతే మాత్రం రైలే మంచిది.

సకినాలు ప్రేమ్‌నగర్ పెద్దావిడ దగ్గరే వదిలి వచ్చాం. తిరుగుదారిలో ముజఫర్‌నగర్ దగ్గర కారు ఆపించి, పొయ్యి మీంచి అప్పుడే దింపిన బెల్లం మా ఇంటామె ముక్క విరిచి రుచి చూసింది. మొక్కుకు కావాల్సింది ఇక్కడే కొందామా అన్నాను. "ఇంకా ఆఫీసర్ కాలేదు కదా" అని రెండు కిలోలే తీసుకుంది, ఇంటికి.

నెల దాటాక మొన్న ఆదివారం ఫోన్ వచ్చింది. గొంతు బొంగురుపోయి ఉంది, డ్రిల్‌లో అరిచి అరిచి అట. ఐదు కిలోలు తగ్గానమ్మా అన్నాడు. ఆమె ఫోన్ చెవి దగ్గర పెట్టుకునే లోపలికి పోయి, పసుపు డబ్బా కింది చీటీ తీసి చూసుకుంది.

"మొక్కింది 68కి బిడ్డా. ఒక్క కిలో కూడా తగ్గియ్య."