క్యాపిటల్, స్మాల్ తేడా భాషకు పట్టాలా?

సీ, జావా, పైథాన్ ప్రోగ్రామింగ్ భాషల్లో ఒక పేరు క్యాపిటల్ టితో రాస్తే ఒకటి, స్మాల్ టితో రాస్తే మరొకటి. పాస్కల్, ఏడాలకు రెండూ ఒకటే. కొత్తగా నేర్చుకునేవాళ్లకు రెండో పద్ధతే హాయి. ఒక్క అక్షరం కోసం ఎర్రర్‌తో కుస్తీ పట్టక్కర్లేదు.

అయినా నా ఓటు మొదటిదానికే. తేడా చూడకూడదంటే ఏ క్యాపిటల్‌కు ఏది స్మాలో, మన కోడ్‌ను కంప్యూటర్ భాషలోకి మార్చే కంపైలరే తేల్చాలి. ఇంగ్లీషులో తేలికే. టర్కిష్‌లో చుక్క ఉన్న ఐ వేరు, లేని ఐ వేరు. అక్కడ ఇంగ్లీషు లెక్క పనిచేయదు. పైగా ఆ తేడాతో పని కూడా చేయించుకోవచ్చు: గో భాషలో పేరు క్యాపిటల్‌తో మొదలైతేనే బయటి ప్యాకేజీలకు, అంటే వేరే కోడ్ భాగాలకు, కనిపిస్తుంది.

పీహెచ్‌పీ భాష మాత్రం విలువలు దాచే వేరియబుల్ పేర్లలో తేడా చూస్తుంది, పనులు చేసే ఫంక్షన్ పేర్లలో చూడదు. ఈ సగం సగం వ్యవహారం రెండింటికన్నా చిరాకు.