బూట్లు త్వరగా చేరాలంటే ఏది మార్చాలి: ఫ్యాక్టరీనా, గోడౌనా, ఆర్డర్ పెట్టే పద్ధతా?

బూట్ల కంపెనీలో సరుకు లేటయితే అందరూ కలిసి తప్పు ఓడ మీదికి తోసేస్తారు. కుట్టేది ఆసియాలో, అమ్మేది యూరప్‌లోనో అమెరికాలోనో, కాబట్టి ఫ్యాక్టరీనే కొనేవాళ్ల పక్కకి తెచ్చేస్తే సరి అని మీటింగులో ఎవరో ఒకరు అననే అంటారు. అడిడాస్ నిజంగానే ఆ పని చేసి చూసింది.

2015 చివర్లో స్పీడ్‌ఫ్యాక్టరీ అని ప్రకటించారు. జర్మనీలోని అన్స్‌బాఖ్‌లో ఒకటి, తర్వాత అమెరికాలో అట్లాంటా దగ్గర ఇంకొకటి. రోబోలు, కంప్యూటర్ అల్లిక మెషీన్లు, తక్కువ మంది మనుషులు. రెండూ కలిపి ఏడాదికి 10 లక్షల జతలు చేయాలని లక్ష్యం. వినడానికి ఘనంగానే ఉంది, కానీ అదే కంపెనీ అప్పట్లో ఏడాదికి 40 కోట్ల జతల దాకా చేయించేది, అంటే ఈ రెండూ నిండా నడిచినా 400 జతల్లో ఒకటి. పైగా అక్కడ చేయగలిగింది ఎక్కువగా అల్లిన అప్పర్ (పాదాన్ని కప్పే పై భాగం) ఉన్న రన్నింగ్ షూసే. తోలు అప్పర్‌కి రబ్బరు సోల్ బిగించే పద్ధతి వేరు, అది ఆ ఫ్యాక్టరీల తయారీ లైన్ల మీద కుదరలేదు. 2019 నవంబర్‌లో రెండూ మూసేస్తున్నామని, ఆ టెక్నాలజీని ఆసియాలోని సప్లయర్ల దగ్గర వాడతామని చెప్పారు. తిరిగి తిరిగి మళ్లీ ఆసియాకే!

రోబోలు పనికిరాక ఇలా అయిందని నేననుకోను. సోల్ పోసేవాళ్లు, అచ్చులు చేసేవాళ్లు, లేసు, జిగురు, ఫోమ్ అమ్మేవాళ్లు అందరూ ఆసియాలో ఒకరి పక్కన ఒకరు ఉన్నప్పుడు ఫ్యాక్టరీ ఒక్కటే లేచి వెళ్లిపోతే మిగతా గుంపు దాని వెంట రాదు. అసలు లెక్క చూస్తే ఓడ మీద పోయే టైమ్ కూడా అంత పెద్దదేం కాదు. ఒక మోడల్ డిజైన్ మొదలైన దగ్గర్నుంచి షాపులోకి వచ్చేదాకా మామూలుగా ఏడాది, ఏడాదిన్నర పడుతుంది, అందులో ఓడ తినేది నెలో నెలన్నరో. లైన్ మీద కుట్టి అతికించడం గంటల పని. మిగతా కాలమంతా శాంపిల్ చూడటం, మార్చమనడం, షాపులవాళ్ల ముందస్తు ఆర్డర్లు పోగేయడం, తర్వాత మెటీరియల్ కోసం ఎదురుచూడటం.

మన తడ దగ్గర మాంబట్టులో అపాచీ ఫ్యాక్టరీ అడిడాస్ షూసే చేస్తుంది. 2023 చివర్లో ఎర్ర సముద్రంలో ఓడల మీద దాడులు మొదలయ్యాక ఇక్కడి నుంచి యూరప్ వెళ్లే ఓడలు ఆఫ్రికా చుట్టూ తిరిగి వెళ్లాల్సొచ్చింది, సుమారు పది రోజులు అదనం. నష్టమే, కాదనను. కానీ శాంపిల్ దగ్గర రెండు నెలలు నానబెట్టే కంపెనీ ఆ పది రోజుల గురించి టెన్షన్ పడితే నవ్వొస్తుంది.

ఇప్పుడు రెండో దారి, ఆర్డర్ పెట్టే పద్ధతి మార్చడం. దీనికి ఫోమ్ చెప్పులు చేసే అమెరికా కంపెనీ క్రాక్స్ కథ చూడాలి. పాత పద్ధతిలో షాపువాడు సీజన్‌కి నెలల ముందే ఎన్ని జతలు కావాలో చెప్పేయాలి, మధ్యలో అయిపోతే అంతే సంగతులు. క్రాక్స్ సీజన్ నడుస్తుండగానే మళ్లీ ఆర్డర్ తీసుకుంది. 2004లో కెనడాలోని ఫోమ్ క్రియేషన్స్‌ని కొనేయడంతో ఆ ఫోమ్ తయారీ దాని చేతిలోకే వచ్చింది. పైగా అది మౌల్డ్‌లో పోసే చెప్పు, కుట్టు పని దాదాపు లేదు, రంగు కలిపి పోస్తే అయిపోయింది. ఏ రంగు ఆడుతోందో చూసి ఆ రంగే పోయొచ్చు.

అయితే 2008లో అమ్మకాలు పడిపోయేసరికి ఈ వేగమే మెడకు చుట్టుకుంది. గోడౌన్లలో సరుకు పేరుకుపోయింది, కెనడా ప్లాంటు మూసేశారు, ఆ ఏడాది నష్టం 18 కోట్ల డాలర్లు దాటింది. గబగబా చేయడం నేర్చుకున్న కంపెనీ గబగబా ఆపడం నేర్చుకోలేదు.

అయినా నా ఓటు ఈ దారికే, కాకపోతే క్రాక్స్ అంత దూకుడుగా వద్దు. కుట్టు బూట్ల కంపెనీ కూడా ఇందులో సగం చేయొచ్చు. సీజన్‌కి ముందు ఫ్యాక్టరీలో లైన్ మాత్రం బుక్ చేసుకుని, ఏ మోడల్, ఏ రంగు అన్నది ఆఖర్లో చెప్పడం. రంగు వేయని బట్ట, తెల్ల మిడ్‌సోల్ (సోల్‌లో మధ్య ఉండే మెత్తటి పొర) ముందే తెప్పించి పెట్టుకోవడం. మూడు మోడళ్లకి ఒకే సోల్ వాడటం, ఎందుకంటే సోల్ మౌల్డ్ ప్రతి సైజుకీ వేరే చేయించాలి, డబ్బూ టైమూ రెండూ అక్కడే పోతాయి. డిజైనర్లు గొణుగుతారు, గొణగనీయండి.

మూడోది గోడౌన్లు. ఆగ్రాలోనో బహదూర్‌గఢ్‌లోనో చేయించి ఆన్‌లైన్‌లో అమ్మే మన కంపెనీలకి ఇదే మొదట తగులుతుంది. ఒక మోడల్, 5 రంగులు, 8 సైజులు అంటే 40 రకాలు. దాన్ని నాలుగు ఊళ్లలో పెడితే 160 చిన్న చిన్న కుప్పలు. ఒక్కో ఊరి డిమాండ్ దేనికదిగా ఊగుతుంటుంది కాబట్టి, ఒకే గోడౌన్‌కి ఎంత అదనపు స్టాక్ చాలునో నాలుగింటికి దాదాపు దానికి రెట్టింపు కావాలి. అప్పటికీ హైదరాబాద్‌లో 9 నంబర్ ఉండదు, ఢిల్లీలో మూలుగుతుంటుంది. అందుకని మగవాళ్ల 7, 8, 9 లాంటి ఆడే సైజులు మాత్రమే ఊరూరా పెట్టి, 5, 11, 12 ఒకేచోట ఉంచి కొరియర్‌లో పంపడం మేలు. 12 నంబర్ కాలున్నవాడు రెండు రోజులు ఆగుతాడు, వాడికి అలవాటే.

విమానం సంగతి రెండు ముక్కల్లో. 33×21×12 సెంటీమీటర్ల షూ బాక్స్ బరువు కిలో లోపే ఉన్నా, ఎయిర్ కార్గోలో సైజు లెక్కన దాదాపు 1.4 కిలోలకి కట్టాలి, అంటే ఖాళీకి కూడా కిరాయి. కొత్త మోడల్ లాంచ్‌కి మొదటి విడత పంపడానికి పర్లేదు, నెలనెలా ఇదే చేస్తుంటే లాభం గాల్లోకే.

మరి ఫ్యాక్టరీ దగ్గర్లో ఎవరికి పనికొస్తుంది? మౌల్డ్‌లో పోసే చెప్పులవాళ్లకి బాగా పనికొస్తుంది. ఇక్కడే అమ్ముకునే మన కంపెనీలకి ఆ ఎంపిక కూడా పెద్దగా మిగల్లేదు, బీఐఎస్ గుర్తు (ప్రభుత్వ నాణ్యతా ముద్ర) తప్పనిసరి అయ్యాక చాలా రకాలకి దిగుమతి ఎటూ కష్టమే. ఇక స్కూల్ షూస్ చేసేవాళ్లయితే ఇదంతా చదివి కంగారు పడక్కర్లేదు. బడులు జూన్‌లో తెరుస్తారని అందరికీ తెలుసు, నలుపు తెలుపు తప్ప రంగులుండవు, సైజుల లెక్క ఏటా దాదాపు అదే. ఫిబ్రవరిలోనే లైన్ ఎక్కించి, వేసవి అంతా పెట్టుకోవడానికి చెమ్మ లేని గోడౌన్ ఒకటి అద్దెకి తీసుకుంటే చాలు.