అమ్మ కళ్ళు తిరగడం తగ్గించిన ఈఎన్‌టీ క్లినిక్ (గుంటూరు, కొత్తపేట)

జనవరిలో ఒకరోజు తెల్లవారుజామున కుడివైపు ఒత్తిగిలగానే అమ్మ "ఒరేయ్, ఇల్లంతా గిర్రున తిరుగుతోందిరా" అని కేకేసింది. నిమిషంలో సర్దుకుంది. అటక మీద డబ్బా కోసం తల ఎత్తితే మళ్ళీ అదే. పక్కింటావిడ పైత్యం అంది. ముందు చూపించిన చోట మెడ ఎముకల అరుగుదలన్నారు, కాలర్ పెట్టారు, బీటాహిస్టిన్ మాత్రలు రాశారు. మూడు వారాలు వాడినా తగ్గలేదు. పడుకోవాలంటేనే భయమేసి అమ్మ కుర్చీలో కూర్చునే నిద్రపోయేది.

ఈ క్లినిక్‌లో డాక్టరుగారు మొదట అడిగింది రెండే: "ఎంతసేపు తిరుగుతోందమ్మా? ఏ పక్కకి తిరిగితే వస్తోంది?" స్కానింగ్ మాటే ఎత్తలేదు. బల్ల మీద కాళ్ళు చాపి కూర్చోబెట్టి, తల కుడికి తిప్పి, చటుక్కున వెనక్కి పడుకోబెట్టారు. తల బల్ల అంచు దాటి కిందికి వాలింది. "కళ్ళు మూయొద్దమ్మా, నా ముక్కు చూడండి." నాలుగైదు సెకన్లు ఏమీ లేదు. తర్వాత అమ్మ కనుగుడ్లు వాటంతటవే మెలితిరుగుతూ అదరడం మొదలైంది. ఆమె గాజులు నా మణికట్టుకి గుచ్చుకున్నాయి, అంత గట్టిగా పట్టుకుంది. అర నిమిషంలో ఆగిపోయింది. "కుడి చెవిలో ఉంది, చూశారుగా" అన్నారాయన.

దీన్ని బీపీపీవీ అంటారు. లోపలి చెవిలో ఉండే సన్నని కాల్షియం రవ్వలు చోటు తప్పి, పక్కనున్న అర్ధవృత్తాకార గొట్టంలోకి జారతాయి. తల కదిలినప్పుడల్లా అవి కదిలి, మనిషే తిరుగుతున్నట్టు మెదడుకి తప్పుడు కబురు వెళ్తుంది. రవ్వల్ని మాత్రలు వెనక్కి పంపలేవు. తల తిప్పే పద్ధతిలోనే పంపాలి. అమెరికా డాక్టర్ జాన్ ఎప్లీ కనిపెట్టిన పద్ధతి అది. అమ్మ తలని అలాగే ఉంచి, తర్వాత ఎడమకి తిప్పి, ఆపైన ఎడమవైపుకే పూర్తిగా ఒత్తిగిలించి ముఖం నేలవైపు పెట్టించి, ప్రతి భంగిమలో కాసేపు ఆగి, లేపి కూర్చోబెట్టారు. అంతా కలిపి పది నిమిషాలు కూడా పట్టలేదు. ఆ రాత్రి అమ్మ మంచం మీదే పడుకుంది.

మే నెలలో మళ్ళీ వచ్చింది. తిరగబెట్టవచ్చని ఆయన ముందే చెప్పారు కాబట్టి ఈసారి టెన్షన్ పడలేదు, ఇంకోసారి చేయించుకొచ్చాం.

ఇంకో మాట కూడా చెప్పారు, అందరూ గుర్తుంచుకోవాలి. కళ్ళు తిరగడంతో పాటు మాట తడబడినా, ఒకటి రెండుగా కనిపించినా, ఒక పక్క చెయ్యో కాలో పట్టు తప్పినా ఇలాంటి క్లినిక్‌కి రాకూడదు, వెంటనే ఎమర్జెన్సీ ఉన్న పెద్దాసుపత్రికి వెళ్ళాలి.

నాకు నచ్చనిది ఒక్కటే. క్లినిక్ మొదటి అంతస్తులో ఉంది, లిఫ్టు లేదు. కళ్ళు తిరిగేవాళ్ళు వచ్చే చోట మెట్లకి రెండో పక్క కూడా కమ్మీ పెట్టించాలి, రిసెప్షన్‌లో ఆ మాట చెప్పాను. రెండు గంటలు కూర్చోవాల్సి వచ్చింది కూడా. తోడుగా ఒకరిని తీసుకెళ్ళండి, దిగేటప్పుడు వాళ్ళనే ముందు నడవమనండి.