కంప్లైంట్ బటన్ ఉంది, చూసే మనిషే లేడు – 2 స్టార్లు

బెంగళూరు మారతహళ్ళిలో మా పీజీ అమ్మాయి ఫొటో పెట్టి ఎవడో ఈ యాప్‌లో ఫేక్ ప్రొఫైల్ తెరిచాడు, రిపోర్ట్ కొట్టిన నిమిషంలో "మీ ఫిర్యాదు అందింది" అని మెసేజ్ వచ్చింది, ఇంక నాలుగు రోజులు చడీచప్పుడు లేదు. సోషల్ మీడియా కంపెనీలకి కేంద్రం పెట్టిన ఐటీ రూల్స్ 2021లో వచ్చినప్పుడే ఇలాంటివి 24 గంటల్లో తీసేయాలని రాశారు కదా, మరి? చివరికి ఫిర్యాదులు చూసే గ్రీవెన్స్ ఆఫీసర్ మెయిల్ వెతికి పట్టుకుని (పేజీ అట్టడుగున, చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది) రాస్తే అప్పుడు కదిలారు.

తమాషా ఏంటంటే అదే వారం మా రోడ్డు గుంతల మీద నేను పెట్టిన జోక్ మాత్రం గంటలో మాయం, కారణం చెప్పలేదు! అందుకే చట్టం ఇంకా గట్టిగా చెయ్యండి అంటే నాకు భయం, తీయకపోతే ఫైన్ అనగానే వీళ్ళు చదవకుండానే అన్నీ పీకేస్తారు. ఆన్‌లైన్‌లో అభ్యంతరకరంగా రాస్తే జైలు అనే ఐటీ చట్టం సెక్షన్ 66ఏ గుర్తుందిగా, 2012లో ఫేస్‌బుక్ పోస్టుకి లైక్ కొట్టిన అమ్మాయిని కూడా అరెస్టు చేశారు, 2015లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసేదాకా నడిచింది. తీస్తే ఎందుకు తీశారో చెప్పాలి, అప్పీల్ ఒక మనిషి చూడాలి, రూల్‌లో ఇవి గట్టిగా ఉంటే చాలు.

ఆ 2 స్టార్లు కూడా మెయిల్‌కి జవాబిచ్చినాయనకే.