ఒకే పేరుతో రెండు కమాండ్లు: డెబియన్, ఉబుంటుల్లో ఏళ్ల వాడకం తర్వాత

తణుకు, భీమవరం వైపు రైస్ మిల్లు ఆఫీసుల్లో, కాలేజీ ల్యాబుల్లో ఉబుంటు, డెబియన్ (రెండూ లినక్స్ రకాలే) మిషన్ల మీద, రెండు ప్రోగ్రాంలు ఒకే కమాండ్ పేరు కోసం తగువుపడినప్పుడు ఏళ్లుగా వాడుతున్న పద్ధతులివి. తీర్పు ముందే చెప్పేస్తే, పేరు తగాదాల్లో చాలావాటికి యూఎస్ఆర్ లోకల్ బిన్‌లో ఒక సిమ్‌లింక్, అంటే అసలు ప్రోగ్రాంకి దారి చూపే లింకు, సరిపోతుంది. మిగతా పద్ధతుల అవసరం అరుదు.

వేర్వేరు పనులు చేసే రెండు ప్యాకేజీలు ఒకే పేరుతో ప్రోగ్రాం పెట్టకూడదని డెబియన్ నియమం. రాజీ కుదరకపోతే రెండూ పేరు మార్చుకోవాలి. భీమవరం సెంటర్లో "రాజు గారూ" అని పిలిస్తే పదిమంది తిరిగి చూస్తారు, ఇంటిపేరు కలిపితేనే మనిషి తేలేది. అందుకే బ్యాకప్ సాఫ్ట్‌వేర్ బాక్యులా వాళ్ల 'బ్యాట్' ముందే ఉందని ఫైళ్లు చూపించే కొత్త బ్యాట్ 'బ్యాట్‌క్యాట్' అయింది. ఎఫ్‌డీక్లోన్ అనే ఫైల్ మేనేజర్ వల్ల ఫైళ్లు వెతికే ఎఫ్‌డీ 'ఎఫ్‌డీఫైండ్' అయింది. ప్యాకెట్ రేడియో వాళ్ల 'నోడ్'తో జావాస్క్రిప్ట్ నడిపే నోడ్‌జేఎస్ తగువు 2012లో డెబియన్ టెక్నికల్ కమిటీ దాకా వెళ్లింది, 2017లో గానీ నోడ్‌జేఎస్‌కి ఆ పేరు దక్కలేదు. నియమం మంచిదే. కాకపోతే ఫెడోరా అనే వేరే లినక్స్‌లో 'ఎఫ్‌డీ' అని రాసిన స్క్రిప్టు ఇక్కడ నడవదు, ఆ తిప్పలు వాడేవాడివే.

ఏది పలుకుతుందో తెలియకపోతే ముందు 'టైప్ -ఎ' కొట్టండి. ఆ పేరున్న చోట్లన్నీ వరసగా చూపిస్తుంది, పైన ఉన్నదే నడిచేది. తర్వాత 'డీపీకేజీ -ఎస్'కి (పెద్ద ఎస్) ఆ దారి ఇస్తే ఏ ప్యాకేజీదో చెబుతుంది. యార్న్ కొడితే సినారియోలు లేవని ఎర్రర్ వచ్చిందా? అది జావాస్క్రిప్ట్ ప్యాకేజీలు తెచ్చే యార్న్ కాదు, కమాండ్లను పరీక్షించే సీఎండీటెస్ట్ ప్యాకేజీది. డెబియన్లో అసలుదాని పేరు 'యార్న్‌పీకేజీ'.

ఏలియస్, అంటే షెల్‌లో కమాండ్‌కి పెట్టుకునే మారుపేరు, మాత్రం నమ్ముకోవద్దు. టెర్మినల్లో బాగానే ఉంటుంది, స్క్రిప్టులోనూ ఎక్స్ఆర్గ్స్‌లోనూ పనిచేయదు. హోమ్‌లోని డాట్ లోకల్ బిన్‌లో లింకు పెడితే స్క్రిప్టులకు అందుతుంది గానీ, అడ్మిన్ హక్కులతో నడిపే సుడో తన సొంత సెక్యూర్ పాత్ (కమాండ్లు వెతికే ఫోల్డర్ల జాబితా) వాడుతుంది కాబట్టి దానికి దొరకదు. యూఎస్ఆర్ లోకల్ బిన్‌లో పెడితే రెంటికీ దొరుకుతుంది, యూఎస్ఆర్ బిన్ కంటే ముందూ వెతకబడుతుంది. లింకు పెట్టాక కూడా పాతదే నడుస్తుంటే 'హ్యాష్ -ఆర్' కొట్టండి, బాష్ పాత దారి గుర్తుపెట్టుకుని ఉంటుంది.

అప్‌డేట్-ఆల్టర్నేటివ్స్ ఒకే పని చేసేవాటి మధ్య ఎంచుకోవడానికి, ఎడిటర్ లాంటివాటికి. దాని 'కాన్ఫిగ్'తో ఒకసారి ఎంచితే మాన్యువల్ మోడ్‌లోకి పోతుంది, ఇక ఎక్కువ ప్రయారిటీ ఉన్న ప్యాకేజీ వచ్చినా మారదు. వెనక్కి తేవాలంటే 'ఆటో' ఇవ్వాలి.

ప్యాకేజీ ఫైలునే పక్కకు జరపాల్సి వస్తే డీపీకేజీ-డైవర్ట్. 'రీనేమ్' ఆప్షన్ తప్పక ఇవ్వండి. చేత్తో ఎంవీ (ఫైలు జరిపే కమాండ్) కొడితే తర్వాతి అప్‌డేట్‌కి ఫైలు మళ్లీ యథాస్థానంలో వచ్చి కూచుంటుంది. తీసేసేటప్పుడు ముందు మీరు పెట్టిన ఫైలు తీయాలి, లేదంటే డైవర్ట్ ఒప్పుకోదు.

ఈ ఫైలు ఇప్పటికే వేరే ప్యాకేజీదని డీపీకేజీ ఎర్రర్ ఇస్తే, బలవంతంగా దాని మీదే రాయించే 'ఫోర్స్-ఓవర్‌రైట్' జోలికి పోకండి. ఫైలు రెండో ప్యాకేజీ సొత్తయిపోతుంది. దాన్ని తీసేస్తే ఫైలూ పోతుంది, మొదటిది పనిచేయదు. మొదటిదాన్ని అప్‌గ్రేడ్ చేయబోతే అదే ఎర్రర్ మళ్లీ ఎదురొస్తుంది.

అన్నిట్లోకీ మెలిక 'రీనేమ్' కమాండ్‌ది. ఫెడోరాలో అది యుటిల్-లినక్స్‌ది: పాత ముక్క, కొత్త ముక్క, ఫైళ్లు. డెబియన్లో పెర్ల్‌ది: 'ఎస్'తో మొదలయ్యే ఎక్స్‌ప్రెషన్, తర్వాత ఫైళ్లు. కాటా చీటీల స్కాన్లను జేపెగ్ నుంచి జేపీజీకి మార్చే స్క్రిప్టు ఫెడోరాలో రాసి ఇక్కడ నడిపితే ఎర్రర్ ఇచ్చి ఆగుతుంది, అది నయం. ఇక్కడ రాసింది అక్కడ నడిపితే చడీచప్పుడు లేకుండా ఏ పేరూ మార్చకుండా ముగుస్తుంది. అందుకని స్క్రిప్టులో 'ఫైల్-రీనేమ్' అని పూర్తి పేరే రాయాలి, అది లేని మిషన్ మీద కమాండ్ దొరకలేదని వెంటనే తెలుస్తుంది.